సమస్యాపూరణం: "కనులు లేని రాజు కనెను సుతుల"

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది పద్యం నాలుగో పాదం, పై మూడు పాదాలు మీరు పూరించాలి. కిటుకంతా 'కను' అనే క్రియలో ఉంది. తమిళ, కన్నడాల్లోని 'కాణ్' దీని తోబుట్టువు. ఇప్పుడు కనడమంటే బిడ్డల్ని కనడమే, చూపు పనంతా 'చూచు' లాగేసుకుంది. పాత కావ్యాల్లో రెండర్థాలూ పక్కపక్కనే నడిచాయి. పోతన 'కనియెన్ రుక్మిణి' అన్నది ఆమె కృష్ణుణ్ణి చూడటం గురించే. పిల్లల్ని కనే అర్థంలో తండ్రికీ వాడేవారు. ఇక మీ వంతు.

తెనాలి మాస్టారు:

వ్యాసుఁ డొసఁగినట్టి వరమునఁ గాంధారి
కడుపు పండి తల్లి కాఁగ ముదము
తోడఁ దండ్రి నైతిఁ దుదకంచుఁ బొంగుచుఁ
కనులు లేని రాజు కనెను సుతుల

నిర్వాహకుడు: యతులు (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరడం) బాగా కుదిరాయండీ. 'తుదకంచు'లో ఆ తండ్రి ఎదురుచూపు వినిపిస్తోంది. 'కడుపు పండి' మాత్రం తేలికైపోయింది. ఆవిడ రెండేళ్లు మోసింది, పుట్టింది మాంసపు ముద్ద. దాన్ని వ్యాసుడు నూట ఒక్క భాగాలు చేసి నేతి కుండల్లో పెట్టించాడు. ఆ బాధ ఒక్క మాటలోనైనా రావాలి.

కరీంనగర్ సోదరి:

సంజయుండు చెప్ప సమర వృత్తాంతమ్ము
చెవులె కనులు గాగ చెదరు మదిని
ఒక్కరొక్కరుగను నొరిగెడి వేళలో
కనులు లేని రాజు కనెను సుతుల

తెనాలి మాస్టారు: భావం చాలా బాగుందమ్మా. 'మదిని' తర్వాత అచ్చుతో పాదం మొదలైంది, విసంధి, అంటే సంధి చేయాల్సిన చోట చేయలేదు. 'నొక్కరొక్కరుగను' అంటే సరిపోతుంది, యతి చెడదు. 'గాగ' ద్రుతాంతం (చివర 'న్' ఉన్న మాట) కాబట్టి దాని మీద 'చెదరు'ను 'జెదరు' అనాలి.

ఒంగోలు సోదరుడు: చెవులతో వింటే దాన్ని 'కనెను' అనొచ్చా?

కరీంనగర్ సోదరి: అనొచ్చన్నా. కలలు ఇప్పటికీ కంటాం కదా, చూడం. కళ్లు మూసుకున్నా జరిగేది కనడం. "చూశాను గానీ కనపడలేదు" అని ఇంట్లో రోజూ అంటూనే ఉంటాం. చూడటం మన ప్రయత్నం, కనపడటం అవతలిది మనకు అందడం. 'కనుక్కో' అన్నా అంతే, తెలుసుకోమని.

ఒంగోలు సోదరుడు: ఒప్పుకున్నానమ్మా. అయితే ఈ సమస్య శ్లేష లేకుండా కూడా నిలుస్తుంది. ఆశ్రమవాస పర్వంలో వ్యాసుడు చనిపోయినవాళ్లను ఒక రాత్రి గంగలోంచి రప్పిస్తాడు. ధృతరాష్ట్రుడికి దివ్యదృష్టి ఇస్తాడు. ఆయన కొడుకుల ముఖాలు చూడటం అదే మొదలు.

గంగ నీటినుండి ఘనమైన తేజమ్ము
తోడ లేచి వచ్చి తొంటి రూపు
దాల్చి నిలువ మౌని దయచేత నొకరేయి
కనులు లేని రాజు కనెను సుతుల

నిర్వాహకుడు: నాకు ఈ వారం అన్నిటికన్నా నచ్చిన పూరణ ఇదే. 'తొంటి రూపు' ఎంత బరువైన మాటో! ఆ రూపు లోకమంతా ఎరుగును, తండ్రి తప్ప.

తెనాలి మాస్టారు: నిజమే. 'ఘనమైన' ఒక్కటే యతి కోసం వేసినట్టుంది. 'కడిగిన తేజమ్ము' అని చూడు నాయనా, నలగణం (నాలుగూ లఘువులే), క-గ యతి చెల్లుతుంది. వాళ్లు పగ, అసూయ వదిలి వచ్చారని అక్కడ కథలోనే ఉంది.