లైవ్ స్కానర్‌లో కూలీల వేళ్ళు పడట్లేదు, పైగా ‘సీక్వెన్స్ ఎర్రర్’ – ఏం చేయాలి?

స్టేషన్ రైటర్, గుంటూరు వైపు:
అందరికీ నమస్కారం. పది వేళ్ళ ముద్రలూ ఇంకు లేకుండా నేరుగా కంప్యూటర్‌లోకి తీసే మా లైవ్ స్కానర్ వారం నుంచి సతాయిస్తోంది. చదువుకునే కుర్రాళ్ళ వేళ్ళు టక్కున పడతాయి. యార్డు హమాలీలో, తాపీ పనివాళ్ళో వస్తే మాత్రం ఎర్ర గుర్తే. ఐదుసార్లు తీసినా ‘క్వాలిటీ తక్కువ’ అంటోంది. మధ్యలో ఉన్నట్టుండి స్కానర్ కనెక్షన్ పోతుంది, మళ్ళీ మొదటికి. నిన్నయితే అన్నీ పూర్తయ్యాక ‘సీక్వెన్స్ ఎర్రర్’ అని ఆగిపోయింది. ముద్దాయిని 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి కదా, ఈలోపే నాఫిస్‌లో, అంటే దేశవ్యాప్త వేలిముద్రల కంప్యూటర్ వ్యవస్థలో, ఎక్కించమని సీఐ గారు తొందరపెడుతున్నారు. కొబ్బరినూనె రాసి కూడా చూశాం. స్క్రీన్‌షాట్ జత చేశాను.

రిటైర్డ్ ఫింగర్‌ప్రింట్ ఇన్‌స్పెక్టర్:
ముందు ఆ స్క్రీన్‌షాట్ తీసేయండి. అందులో మనిషి వేలిముద్ర కనబడుతోంది. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

స్టేషన్ రైటర్:
తీసేశాను సార్. తొందరలో చూసుకోలేదు.

సర్వీస్ ఇంజనీర్:
కనెక్షన్ సంగతి నేను చెప్తా తమ్ముడూ. స్కానర్ వైరు ఎక్కడ గుచ్చారు? సీపీయూ ముందువైపో, నాలుగు రంధ్రాల హబ్‌కో అయితే సగం జబ్బు అక్కడే. నాలుగు వేళ్ళూ ఒకేసారి తీసే స్కానర్ కరెంటు బాగానే లాగుతుంది. హబ్, ఎక్స్‌టెన్షన్ వైరు తీసేసి సీపీయూ వెనకాల పోర్టుకి నేరుగా పెట్టు. తర్వాత విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ‘యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్’ ఆపెయ్. మీరు పేరూ ఊరూ టైపు చేసే లోపు విండోస్ స్కానర్‌ని నిద్రపుచ్చుతూ ఉండొచ్చు. స్కానర్‌ని వాడుకునే ఇంకో ప్రోగ్రాం వెనక తెరిచి ఉన్నా దొరకదు, అదీ చూడు.

తూర్పు గోదావరి కానిస్టేబుల్:
అన్నా, అంత కష్టం ఎందుకు. పడని వేలు బదులు పక్క వేలు పెట్టించండి, పచ్చ గుర్తు వచ్చేస్తుంది. మేము చాలాసార్లు అలాగే కానిచ్చాం.

రిటైర్డ్ ఫింగర్‌ప్రింట్ ఇన్‌స్పెక్టర్:
బాబూ, మీరు ‘కానిచ్చిన’ వాటి గురించి మీ జిల్లా ఫింగర్‌ప్రింట్ యూనిట్‌కి ఇవాళే చెప్పండి. కోపంతో అనడం లేదు, వాటిని సరిచేయించాలి.

సీక్వెన్స్ ఎర్రర్ ఉన్నదే దీనికోసం. వేళ్ళు రెండు రకాలుగా తీస్తారు: ఒక్కో వేలూ గోరు అంచు నుంచి గోరు అంచు దాకా దొర్లించి ఒకసారి, నాలుగు వేళ్ళూ కలిపి బల్లపరుపుగా ఇంకోసారి. రెండింటినీ సాఫ్ట్‌వేర్ పోల్చుకుంటుంది. ఉంగరం వేలు అన్నచోట మధ్యవేలు ఉన్నా, కుడిచేతి బదులు ఎడమచెయ్యి పెట్టినా పట్టేస్తుంది. రైటర్ గారూ, నిన్న మీకు వచ్చింది అదే అయి ఉంటుంది. మనిషి మనకి ఎదురుగా నిలబడితే అతని కుడి మనకి ఎడమ. రాత్రి రెండింటికి ఆ తికమక ఎవరికైనా వస్తుంది. పక్కన నిలబెట్టుకుని, చెయ్యి మీరే పట్టుకుని తియ్యండి. అతని చేత సొంతంగా దొర్లించొద్దు.

సీక్వెన్స్ తప్పని మెషీన్ అంటే ‘ఓవర్‌రైడ్’ నొక్కి ముందుకి పోవద్దు. వేలు తెగిపోయి ఉన్నా, కట్టు ఉన్నా సాఫ్ట్‌వేర్‌లో ఆ గడి ఉంటుంది, అదే గుర్తు పెట్టండి. 2022లో వచ్చిన చట్టం ప్రకారం ఈ రికార్డు ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) దగ్గర 75 ఏళ్ళు ఉంటుంది. పాత శిక్ష ఏదీ లేకుండా, విచారణ లేకుండానే విడుదలైనవాళ్ళకీ, నిర్దోషులుగా తేలినవాళ్ళకీ మినహాయింపు వేరే ఉంది. తప్పు వేలు ఎక్కితే అదీ అన్నేళ్ళూ అక్కడే ఉంటుంది. రేపు ఏదో ఇంట్లో బీరువా మీద ఆ మనిషి చూపుడువేలి ఛాన్స్ ప్రింట్ (నేరం జరిగినచోట మిగిలిపోయిన ముద్ర) దొరికిందనుకోండి. మన రికార్డులో ఆ గడిలో మధ్యవేలు కూర్చుని ఉంటే పోలిక ఎక్కడ కుదురుతుంది?

స్టేషన్ రైటర్:
అర్థమైంది సార్. మరి హమాలీల వేళ్ళ సంగతి?

రిటైర్డ్ ఫింగర్‌ప్రింట్ ఇన్‌స్పెక్టర్:
ఇదే అసలు ప్రశ్న. ఆ గాజు ఎలా చూస్తుందో తెలిస్తే సగం తేలిపోతుంది. లోపలి నుంచి వెలుతురు గాజు పైతలాన్ని కొడుతుంది. పైన గాలి ఉన్నచోట వెలుతురంతా వెనక్కి తిరుగుతుంది, అక్కడ తెల్లగా కనబడుతుంది. వేలి గీత ఆనినచోట తిరగదు, నల్లగా పడుతుంది. అంటే చర్మం గాజుకి బాగా అతుక్కోవాలి, దానికి కాస్త తేమ కావాలి. సిమెంటుకి ఎండిపోయిన వేలు ఆనినట్టే ఉంటుంది కానీ ఆనదు, గీత చుక్కలు చుక్కలుగా తెగిపోతుంది.

సబ్బుతో కడిగించండి, తువ్వాలుతో తుడిపించి రెండు నిమిషాలు ఆగండి. అప్పటికీ పొడిగా ఉంటే నుదుటి మీదో ముక్కు పక్కనో వేలు రుద్దించండి, ఆ జిడ్డు చాలు. గట్టిగా నొక్కితే బాగా పడుతుందనుకోవడం పొరపాటు. గీతలు చదునై ఒకదానికొకటి అంటుకుంటాయి. కొబ్బరినూనెదీ అదే గొడవ, గీతల మధ్య సందులన్నీ నూనెతో నిండి ముద్ర నల్లటి మరక అవుతుంది. అరిగిన గీతల గురించి భయపడకండి. లోపలి చర్మం దెబ్బతినకపోతే పని మానిన కొన్నాళ్ళకి మళ్ళీ అవే గీతలు వస్తాయి. ఇంకు పలక, రోలరు కాలంలోనూ తాపీ మేస్త్రీలు మాకు ఇదే పరీక్ష పెట్టేవాళ్ళు.

సర్వీస్ ఇంజనీర్:
సార్ చెప్పినదానికి చిన్న చేర్పు. ఆ నూనె ఇప్పుడు గాజు మీద ఉంటుంది తమ్ముడూ, తర్వాతి మనిషి ముద్ర కింద ముందటి వాడి ముద్ర దెయ్యంలా కనబడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని పీచు రాలని గుడ్డ మీద పోసి గాజు తుడువు. గాజు మీద నేరుగా కొట్టొద్దు, అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. గోళ్ళ రంగు తీసే ద్రవం అసలు వద్దు. గాజు మీద మెత్తటి సిలికాన్ పొర ఉన్న మోడల్ అయితే ఆల్కహాల్ మానేసి, పారదర్శక టేపు అంటించి లాగితే దుమ్ము వచ్చేస్తుంది. ఏసీ గదిలో గాజు చల్లబడితే వేలి ఆవిరి దాని మీద పేరుకుని ముద్ర చుట్టూ నీడ వస్తుంది. మొదటి ముద్రకి ముందు స్కానర్‌ని కాసేపు ఆన్ చేసి ఉంచు. కిటికీ ఎండ పడే చోటు నుంచి కూడా జరుపు.

స్టేషన్ రైటర్ (మర్నాడు):
వైరు వెనక పోర్టుకి మార్చాక ఒక్కసారి కూడా తెగలేదు. గాజు తుడిస్తే గుడ్డ పసుపు రంగుకి వచ్చింది, సిగ్గేసింది. హమాలీకి పది వేళ్ళలో తొమ్మిది మొదటిసారే పచ్చ గుర్తు. ఎడమ చిటికెన వేలికి పాత కోత మచ్చ ఉంది, మూడుసార్లు తీసి బాగున్నదాన్ని ఉంచాం. పది అంకెల జాతీయ వేలిముద్ర నంబరు వచ్చేసింది. పాత రికార్డుల్లో దేనితోనూ కలవలేదని ‘నో హిట్’ అంది. అంటే ఇతను ఇంతకుముందు ఎక్కడా దొరకలేదనే కదా సార్?

రిటైర్డ్ ఫింగర్‌ప్రింట్ ఇన్‌స్పెక్టర్:
దొరకలేదనైనా కావచ్చు, దొరికినప్పుడు ఎవరో పక్క వేలు పెట్టించి కానిచ్చారనైనా కావచ్చు. కేస్ డైరీలో ‘నో హిట్’ అని మాత్రమే రాయండి, ‘పాత నేరస్తుడు కాదు’ అని రాయకండి.

తూర్పు గోదావరి కానిస్టేబుల్:
సార్, నేను మా యూనిట్‌కి ఫోన్ చేశాను. పాత స్లిప్పులు నంబర్లతో సహా తెమ్మన్నారు. సోమవారం వెళ్తున్నా.