పరీక్ష దాటుతున్నాను, ఇంటర్వ్యూ దాటడం లేదు: ఎంపికను నిర్ణయించేది ఏమిటి?

ఈసీఈ విద్యార్థి, కాకినాడ

పెద్దలకు నమస్కారం. నేను బీటెక్ ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ ఇంజనీరింగ్) చివరి సంవత్సరం చదువుతున్నాను. ఆగస్టు నుంచి మా కళాశాలకు కంపెనీలు వస్తున్నాయి. ఆన్‌లైన్ పరీక్షలో ఆప్టిట్యూడ్, కోడింగ్ రెండూ దాటుతున్నాను గానీ, ఇంటర్వ్యూ తరువాత వచ్చే జాబితాలో నా పేరు ఉండడం లేదు. డేటాబేస్‌లో ప్రైమరీ కీకి, యూనిక్ కీకి తేడా, రెండో అత్యధిక జీతాన్ని రాబట్టే ఎస్‌క్యూఎల్ క్వెరీ వంటివి తడుముకోకుండానే చెబుతున్నాను. ప్రాజెక్టు గురించి మాత్రం అందరూ తప్పకుండా అడుగుతున్నారు. నేల తేమను బట్టి మోటారు తనంతట తానే నడిచే నీటిపారుదల వ్యవస్థను నోడ్‌ఎంసీయూ అనే, వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డుతో చేశాము. దాని మీద కొన్ని ప్రశ్నలు వేసి, హెచ్ఆర్ రౌండ్‌లో వేరే ఊరు వెళ్తారా, మీ బలహీనత ఏమిటి అని అడిగి పంపేస్తున్నారు. ఎందుకు తీసుకోలేదో ఎవరూ చెప్పరు. ఇంటర్వ్యూలు చేసేవారు, ఈ మధ్యే ఉద్యోగంలో చేరిన సీనియర్లు దయచేసి చెప్పగలరు.

ఎంబెడెడ్ ఇంజనీరు, హైదరాబాద్

మా కంపెనీ తరఫున కళాశాలలకు వెళ్లి ఇంటర్వ్యూలు చేసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. మీరు రాసినదాన్ని బట్టి చిక్కు ప్రాజెక్టు దగ్గరే ఉందని అనుకుంటున్నాను. ప్రైమరీ కీ గురించి ఆ రోజు వచ్చిన వాళ్లలో చాలామంది సరిగ్గానే చెబుతారు కాబట్టి, ఆ జవాబుతో మిమ్మల్ని మిగతావారి నుంచి వేరు చేయడం మాకు సాధ్యం కాదు. ప్రాజెక్టు అలా కాదు. అమీర్‌పేట కోచింగ్ కేంద్రాల్లో డబ్బిచ్చి తెచ్చుకున్నదా, చేతులతో చేసినదా అన్నది రెండు మూడు ప్రశ్నల్లోనే బయటపడుతుంది.

మీ ప్రాజెక్టునే తీసుకుందాం. నేనైతే మొదట, తేమ ఎంతకు పడిపోతే మోటారు ఆన్ కావాలో ఎలా నిర్ణయించారని అడుగుతాను. ఇంటర్నెట్‌లో దొరికిన ప్రోగ్రాములో ఉన్న అంకెనే ఉంచామని చెబితే మాట అక్కడితో ఆగిపోతుంది. అదే, పూర్తిగా ఎండిన మట్టిలోనూ బాగా తడిసిన మట్టిలోనూ సెన్సరు పెట్టి, 0 నుంచి 1023 వరకు వచ్చే రీడింగులలో ఆ రెండూ ఎక్కడ పడ్డాయో రాసుకుని, వాటి మధ్య ఒక విలువను ఎంచుకున్నామని చెబితే నేను కుర్చీలో ముందుకు జరుగుతాను. ఆ తరువాత, రీడింగు సరిగ్గా ఆ విలువ దగ్గరే అటూ ఇటూ ఊగుతుంటే మోటారు మాటిమాటికీ ఆగి, మొదలై పాడవదా అని అడుగుతాను. ఆన్ కావడానికి ఒక విలువ, ఆఫ్ కావడానికి దానికి కొంత ఎడంగా మరొకటి పెట్టవచ్చునని మీకు ముందే తట్టి ఉండాలన్న నియమం లేదు. అక్కడికక్కడే ఆలోచించి ఆ దారిలోకి వస్తే చాలు. 3.3 వోల్టులతో పనిచేసే బోర్డుకు, 230 వోల్టుల మోటారుకు మధ్య రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్చు) ఎందుకు పెట్టారు, వైఫై పోతే మోటారు ఏ స్థితిలో ఉంటుంది, రెండు పుల్లల సెన్సరు మట్టిలో కొన్నాళ్లకు ఎందుకు తుప్పు పడుతుంది అన్న ప్రశ్నలూ ఇదే కోవలోనివి.

రెజ్యూమేలో రాసిన ప్రతి పదం ప్రశ్నకు ఆహ్వానమే అవుతుంది. ‘మెషీన్ లెర్నింగ్’ అని ఒక వరుస చేర్చి, ఓవర్‌ఫిట్టింగ్ అంటే ఏమిటో చెప్పలేకపోతే, బాగా తెలిసిన విషయాల మీద కూడా మాకు అనుమానం కలుగుతుంది. రాని వాటిని ఈ రోజే తీసేయండి.

ప్లేస్‌మెంట్ విభాగం అధ్యాపకురాలు, వరంగల్

పైన చెప్పినది సాంకేతిక రౌండ్ వరకు నిజమే కానీ, ఆ రౌండ్ బాగా చేసి కూడా హెచ్ఆర్ దగ్గర ఆగిపోయే పిల్లలను ఏటా చూస్తున్నాను. వేరే ఊరు వెళ్తారా అని అడిగినప్పుడు ‘ఇంట్లో కనుక్కుని చెబుతాను’ అన్న జవాబు, ఇచ్చిన ఆఫర్‌ను వదులుకునే మనిషి అన్న అనుమానాన్ని కలిగిస్తుంది. చెన్నై, పుణె, రాత్రి షిఫ్టు, సర్వీస్ అగ్రిమెంట్ (ఇన్నాళ్లు కంపెనీలో పనిచేస్తామన్న ఒప్పందం) వంటి విషయాలను ఇంట్లో ముందే మాట్లాడి తేల్చుకుని వెళ్లండి. వెళ్లలేని పరిస్థితి ఉంటే ఆ మాటే మర్యాదగా చెప్పండి. ఒప్పుకుని తరువాత చేరకపోతే, మరుసటి ఏడాది ఆ కంపెనీ మీ కళాశాలకు రాకపోవచ్చు.

బలహీనత అడిగితే ‘నేను మరీ కష్టపడి పనిచేస్తాను’ అనే జవాబును దయచేసి చెప్పకండి. అది విని విని వాళ్లకు విసుగు పుట్టింది. నిజంగా ఉన్న చిన్న లోపాన్ని ఒకటి చెప్పి, దాన్ని సరిదిద్దుకోవడానికి ఇప్పుడు ఏం చేస్తున్నారో ఒక వాక్యంలో చెబితే సరిపోతుంది.

ఇంగ్లీషు గురించి మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు పెద్ద పెద్ద వాక్యాలను బట్టీ పట్టి, మధ్యలో ఒక పదం మరిచిపోగానే మొత్తం ఆపేస్తారు. చిన్న వాక్యాలతో నెమ్మదిగా మాట్లాడితే ఎవరూ తక్కువ చేసి చూడరు. ప్రాజెక్టు వివరణను ఫోనులో రికార్డు చేసుకుని వినండి. మీరు ఎక్కడ తడబడుతున్నారో అద్దం కన్నా అదే బాగా చూపిస్తుంది.

పాత విద్యార్థి, బెంగళూరు

తమ్ముడూ, నేను గత ఏడాది చేరాను, నాదీ ఈసీఈనే. పెద్దలు చెప్పినవాటికి ఒక్కటే కలుపుతాను. కోడింగ్ ప్రశ్న ఇచ్చిన వెంటనే రాయడం మొదలుపెట్టకు. ఇచ్చిన అంకెల జాబితా ముందే వరుసలో ఉంటుందా, ఖాళీగా రావచ్చా అని అడిగి, మొదట తట్టిన పద్ధతిని, అది నెమ్మదిగా పనిచేసేదే అయినా, పైకి చెప్పు. జాబితా వరుసలో ఉందని తెలిస్తే బైనరీ సెర్చ్ (ప్రతిసారీ సగం జాబితాను వదిలేస్తూ వెతికే పద్ధతి) వైపు వాళ్లే దారి చూపిస్తారు. మౌనంగా కూర్చుని చివర సరైన ప్రోగ్రాము చూపించినవాడు కాకుండా, సగం రాసినా తన ఆలోచనను వినిపించినవాడు మా బ్యాచ్‌లో ఎంపికయ్యాడు. రానిది రాదని చెప్పి, దానికి దగ్గరగా నీకు తెలిసినదేమిటో చెప్పు.

ఇంకో సంగతి. కొన్నిసార్లు నీ తప్పేమీ ఉండదు. కంపెనీకి కావలసినవాళ్లు అప్పటికే దొరికేసి ఉంటారు. డబ్బు కడితే ఆఫర్ ఇప్పిస్తామనేవాళ్లు సరిగ్గా ఇలాంటి సమయంలోనే ఫోన్ చేస్తారు. వాళ్లకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకు.

ఈసీఈ విద్యార్థి, కాకినాడ

అందరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. ఈ ప్రాజెక్టు నలుగురం కలిసి చేశాము. సర్క్యూటు, రిలే, మోటారు కలపడం నా వంతు. ప్రోగ్రాము ఎక్కువ భాగం నా మిత్రుడు రాశాడు. ఇది చెబితే సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి నష్టం కాదా?

ఎంబెడెడ్ ఇంజనీరు, హైదరాబాద్

కాదు. ‘మేము చేశాము’ అని మొదలుపెట్టి, ‘అందులో నా భాగం ఇది’ అని వెంటనే స్పష్టంగా చెప్పండి. మీ మిత్రుడు కూడా అదే గదిలోకి వస్తాడు. ఇద్దరూ ఒకే పనిని మీదేనని చెబితే మాకు తెలిసిపోతుంది. అయితే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అడుగుతున్నారు కాబట్టి, వచ్చే ఇంటర్వ్యూ లోపల ఆ ప్రోగ్రామును మీ మిత్రుడి పక్కన కూర్చుని వరుసవరుసా చదవండి. ఆన్‌కు, ఆఫ్‌కు రెండు విలువలు పెట్టే మార్పును మాత్రం మీ చేతులతోనే రాసి, బోర్డు మీద నడిపి చూడండి. అప్పుడు ప్రోగ్రాములో మీరు చేసినదేమిటని అడిగితే చెప్పడానికి నిజమైన జవాబు ఉంటుంది.