విజిట్ వీసా మీద దుబాయ్ వెళ్ళి అక్కడ వర్క్ పర్మిట్ చేయించుకోవడం కరెక్టేనా?

పర్లాకిమిడి ఫిట్టర్: తమ్ముడు వెల్డింగ్ చేస్తాడండీ, పది ఫెయిల్. పాతపట్నంలో ఒక ఏజెంటు ఏటంటాడంటే ముందు విజిట్ వీసా మీద ఎల్లిపోండి, కంపెనీ దొరికాక పర్మిట్ మేమే మార్పిస్తాం అని లక్షా ఇరవై అడుగుతున్నాడు. అమ్మ కమ్మలు తాకట్టు పెట్టడానికి కూడా రెడీ, నాకే మనసొప్పట్లేదు. మీరేటంటారు?

బరంపురం బావ: పంపించండి. నేనూ అలాగే వెళ్ళాను, ఇప్పుడు షార్జాలో ఉన్నాను. యూఏఈలో దేశం దాటకుండానే విజిట్ నుంచి వర్క్ వీసాకి స్టేటస్ మార్చుకోవచ్చు, అది అక్కడి రూలే, దొంగదారేం కాదు. ఇంట్లో కూర్చుంటే కంపెనీ వచ్చి తలుపు కొడుతుందా?

గుణుపురం మాస్టారు: బావగారూ, మీరు పది పాసయ్యుంటారు. ఆ కుర్రాడు ఫెయిల్, అంటే పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ కావాలన్న గుర్తు) ఉంటుంది. అలాంటివాళ్ళు యూఏఈ, సౌదీ, కువైట్ లాంటి 18 దేశాలకి పనికి వెళ్ళాలంటే ముందు ఇక్కడ ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే మన గవర్నమెంటు అనుమతి ఉండాలి. విజిట్ మీద వెళ్తే అది ఉండదు కాబట్టి ఎయిర్‌పోర్టులో టూరిస్టునని అబద్ధం చెప్పాలి. ముంజేతి నిండా నిప్పురవ్వల మచ్చలు, చేతిలో ఎవరో ప్రింట్ తీసిచ్చిన హోటల్ బుకింగు, ఆ హోటలు పేరు కూడా పలకడం రాదు, కౌంటర్లో ఆఫీసరు గడ్డి తింటున్నాడా? వెనక్కి పంపేస్తే టికెట్టు డబ్బులు గోవిందా, ఏజెంటు ఫోన్ స్విచాఫ్.

రాయగడ రిటర్న్: పర్మిట్ తీయించాల్సింది కంపెనీ, పనోడు కాదు. యూఏఈలో 2021 లేబర్ చట్టం ప్రకారం రిక్రూట్‌మెంట్ ఖర్చు పనోడి దగ్గర తీసుకోకూడదు. పర్మిట్ లేకుండా పని చేయించుకునే కంపెనీకి 2024 నుంచి జరిమానా లక్ష దిర్హాములు మొదలు పది లక్షల దాకా. అయినా చేయించుకునేవాళ్ళు చేయించుకుంటారు, జీతం అడిగితే మాత్రం నువ్వెవరో మాకు తెలీదంటారు. వీసా గడువు దాటితే రోజుకి 50 దిర్హాములు మనమే కట్టాలి.

బరంపురం బావ: రూల్స్ చదవడానికి బానే ఉంటాయండీ. లైసెన్స్ ఏజెంటు 30 వేలు, పైన జీఎస్టీ, అంతకన్నా తీసుకోకూడదని మన గవర్నమెంటు రూలు, మీ చుట్టుపక్కల ఆ రేటుకి ఎవడైనా పంపాడా చెప్పండి? వాడూ లక్షే అడుగుతాడు, పైగా నెలల తరబడి తిప్పుతాడు.

గుణుపురం మాస్టారు: అడుగుతాడు, నిజమే. కానీ లైసెన్స్ ఉన్నవాడి నంబరు మన గవర్నమెంటు ఈమైగ్రేట్ సైటులో కనిపిస్తుంది, ఆ నంబరు పట్టుకుని కంప్లైంట్ పెట్టొచ్చు. ఆ పాతపట్నం ఏజెంటు మీద ఎక్కడ పెడతాం? ఇంకోటి, క్లియరెన్స్ తీసుకుంటే ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరిగా చేయిస్తారు, రెండేళ్ళకి 275 రూపాయలే, ప్రమాదంలో పోతే ఇంటికి 10 లక్షలు. ఏదన్నా అయితే ఏపీ వాళ్ళు ఏపీఎన్ఆర్టీకి (బయటి దేశాల్లో ఉన్న ఆంధ్రావాళ్ళ కోసం అక్కడి గవర్నమెంటు పెట్టిన సంస్థ) ఫోన్ చేస్తారు, మాట్లాడేది తెలుగే అయినా మన ఆధార్ ఒడిశాది, ఆ సంగతి అక్కడికెళ్ళాక గుర్తొస్తుంది మనవాళ్ళకి.

పర్లాకిమిడి ఫిట్టర్: ఇప్పుడే ఫోన్ చేసి లైసెన్స్ నంబరు అడిగాను. ముందు యాభై వేలు వెయ్యండి, అన్నీ వాట్సాప్‌లో పెడతానన్నాడు.

రాయగడ రిటర్న్: వెయ్యకండి బాబూ. వాట్సాప్‌లో వీసా ఫోటో నేనూ పెట్టగలను. ఎంప్లాయ్‌మెంట్ వీసా అయితే కంపెనీ పేరు, జీతం రాసిన ఆఫర్ లెటర్ ముందే వస్తుంది, అది చేతికొచ్చాకే ఏ మాటైనా. దుబాయే కావాలని పట్టుపట్టకండి.

బరంపురం బావ: సరే, అయితే ఓపెన్ స్కూల్లో పది రాయించి పాస్‌పోర్ట్ మార్పించండి. ఆ తర్వాత విజిట్ మీదే పంపండి, నా మాట అదే.

గుణుపురం మాస్టారు: పది రాయించడం దాకా ఒప్పుకుంటాను. రెండో దానికి మాత్రం ఒప్పుకోను, పర్మిట్ వచ్చేలోపు సైటు మీద గ్రైండర్ పట్టుకుంటే పది పాసైనోడైనా అక్కడ దొంగపనోడే.