ఆల్ఫా తరంగాలు చూసి ఎవరికి మనసులో బొమ్మ కడుతోందో చెప్పొచ్చా?

ప్రశ్న (పర్లాకిమిడి, డిగ్రీ ప్రాజెక్టు)
ఒకే ఛానెల్ ఈఈజీ (తల మీంచి మెదడు విద్యుత్ అలలు పట్టే) బోర్డు మాది. ఎలక్ట్రోడ్ తల వెనక, దానితో పోల్చే రిఫరెన్సు తీగ చెవి తమ్మెకి. కళ్లు మూయించి, మహేంద్రగిరి మీద సూర్యోదయం ఊహించమంటున్నాం. ఒకడికి కొండా మబ్బూ కళ్లకు కట్టినట్టు వస్తాయట, ఆల్ఫా (సెకనుకి దాదాపు పదిసార్లు ఊగే మెదడు అల) బాగా తగ్గింది. రెండోవాడికి బొమ్మే రాదట, ‘కొండ’ అనే మాటే మెదులుతుందట. వాడి ఆల్ఫా కదల్లేదు. మూడోవాడికి అసలు ఆల్ఫాయే లేదు. గ్రాఫు చూసి ఎవరెలాంటివాళ్లో చెప్పేయొచ్చా?

జయపురం టెక్నీషియన్
ముందు మూడోవాడి సంగతి తేల్చండి బాబూ. తలకి కొబ్బరినూనె ఉంటే షాంపూతో కడిగించి, పూర్తిగా ఆరనివ్వండి. జుట్టు పాయ తీసి, చర్మానికి తగిలేలా జెల్ పెట్టండి. ఎలక్ట్రోడ్‌కీ చర్మానికీ మధ్య నిరోధం 5 కిలో ఓమ్‌ల లోపు ఉంటే మంచిది. ఎలక్ట్రోడ్ చోటు కంటి అంచనాతో వద్దు: ముక్కు మొదట్లో గుంట నుంచి తల వెనక ఎముక బొడిపె దాకా టేపు పెట్టండి. 36 సెం.మీ. వస్తే, అందులో పదో వంతు, అంటే బొడిపెకి 3.6 సెం.మీ. పైన.

తర్వాత 30 సెకన్లు కళ్లు మూసి, 30 సెకన్లు తెరిచి, నాలుగు విడతలు. మూసినప్పుడు గ్రాఫులో 10 హెర్ట్జ్ దగ్గర ఆల్ఫా గుట్ట లేవాలి, తెరవగానే కుంగాలి. మనిషి మెదడు అలల గురించి 1929లో మొదట అచ్చువేయించింది జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్. అన్నీ సరిగ్గా ఉన్నా కొందరికి గుట్ట లేవదు. పుర్రె మందం, మెదడు మడతల తీరు అలాంటివి. అది మనసు గురించి ఏమీ చెప్పదు.

ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీ మీదే నడపండి. తలకి వైర్లు తగిలించిన మనిషికి క్షేమం, కరెంటు లైను 50 హెర్ట్జ్ గోలా తగ్గుతుంది. ఆ గోలతో యాంప్లిఫయరే నిండిపోతే ఫిల్టరు ఏం చేసినా అలలు తిరిగి రావు.

బరంపురం, సైకాలజీ బోధన
ఈ ఆశ పాతదే. 1943లో గొల్లా, హటన్, గ్రే వాల్టర్ అనే పరిశోధకులు మనుషుల్ని మూడు రకాలన్నారు: ఆల్ఫా తక్కువైతే బొమ్మల మనిషి, వదలకుండా ఉంటే మాటల మనిషి, మధ్యరకం ఇంకొకటి. తరవాతి పరిశోధనలు దాన్ని నిలకడగా బలపరచలేదు. కారణం తేలికే: ఊహకే కాదు, మనసు పెట్టి చేసే ఇతర పనులకీ ఆల్ఫా తగ్గొచ్చు. అందుకే 100 నుంచి ఏడేసి తీసేసే లెక్క కూడా పెట్టండి. ఊహ, లెక్క, లెక్క, ఊహ, ఈ వరసలో, ఒక్కోటి 30 సెకన్లు. రెంటికీ ఒకేలా తగ్గితే అది బొమ్మ వల్లే అనలేం, శ్రద్ధ వల్ల కావచ్చు.

మనిషికీ మనిషికీ మైక్రోవోల్టులు పోల్చకండి, ఎవరి విశ్రాంతితో వాళ్లనే పోల్చండి. ఆల్ఫా గుట్ట శిఖరం ఒకరికి 9 హెర్ట్జ్ దగ్గర, ఒకరికి 11 దగ్గర ఉంటుంది. దానికి అటూ ఇటూ 2 హెర్ట్జ్ తీసుకోండి. కునుకు పట్టినా ఆల్ఫా పోతుంది, ‘ఊహ పండింది’ అని మోసపోతారు! కునుకు గుర్తుగా 4–7 హెర్ట్జ్ అలలు పెరిగితే ఆ విడత తీసేయండి.

బొమ్మ స్పష్టత కొలవడానికి సైకాలజిస్టు డేవిడ్ మార్క్స్ 1973 ప్రశ్నావళి ఉంది: 16 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5. మూలంలో 1 అంటే అతి స్పష్టం, తరవాతి రూపాల్లో తిరగేశారు. ఏది వాడారో రాసుకోకపోతే ఫలితం తలకిందులవుతుంది. ఏమైనా ముగ్గురితో ఏమీ తేలదు.

ప్రశ్న అడిగినవారు
ఇంట్లో ఒడియా మాట్లాడేవాళ్లూ ఉన్నారు సార్. ప్రశ్నలు ఏ భాషలో?

బరంపురం, సైకాలజీ బోధన
ఎవరి ఇంటి భాషలో వాళ్లకి. ఒకే మనిషికి మాత్రం మధ్యలో భాష మార్చకండి.