పొరుగు దేశం యుద్ధానికి దిగితే వ్యతిరేకించడం: డిబేట్‌కి పాయింట్లు కావాలి, అర్జెంట్

డిగ్రీ సెకండియర్: మధ్యాహ్నం నుంచి కూర్చున్నా, తల పగిలిపోతోంది. రేపు పొద్దున్నే బెజవాడలో డిబేట్. పొరుగు దేశం యుద్ధానికి వెళ్తానంటే మనం ఎందుకు వద్దంటున్నామో చెప్పాలి. ‘యుద్ధం వద్దు, శాంతి ముద్దు’ టైపులో రాస్తే మా సీనియర్ చదివి, ఆగస్టు పదిహేను స్పీచ్‌లా ఉందని కాగితం మడిచి నా జేబులోనే పెట్టాడు. ఆ ఓడల ప్రశ్న వేస్తే ఏం చెప్పాలో అసలు తోచట్లేదు. ఎవరైనా హెల్ప్ చేయండి ప్లీజ్.

మిర్చియార్డ్: ఏ దేశం? ఏ యుద్ధం? ఏ ఓడలు?

బ్రాడీపేట మాస్టారు: బాబూ, ముందు ఐక్యరాజ్యసమితి చార్టర్ చదువు. 2వ అధికరణంలోని 4వ క్లాజు బలప్రయోగం కూడదంటుంది. మినహాయింపులు రెండే. 51వ అధికరణం కింద ఆత్మరక్షణ, 7వ అధ్యాయం కింద భద్రతా మండలి అనుమతి. ఇది రాకుండా మైకు పట్టుకోవద్దు. ఈ కాలం పిల్లలు వీడియోలు చూసి డిబేట్లకొస్తున్నారు. జడ్జీలూ అలాగే తయారయ్యారు, అరిచినవాడికి మార్కులు.

డిగ్రీ సెకండియర్: కెనడా అండీ. మా టీమ్‌కి కెనడా, అవతల అమెరికా. 2003. ఇరాక్ అని వేరే చెప్పాలా?

మిర్చియార్డ్: చెప్పాలి.

కృష్ణలంక అక్క: తమ్ముడూ, కెనడా పెట్టిన మెలిక చిన్నది. దాని బలమూ అదే. మార్చి 17న ప్రధాని జాన్ క్రెటియెన్ వాళ్ల పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లో చెప్పింది ఇంతే: భద్రతా మండలి కొత్త తీర్మానం లేకుండా ఇరాక్ మీద దాడి చేస్తే మేం రాం. సద్దాం మంచోడనలేదు, అమెరికాని తిట్టలేదు. మీరూ ఆ గీత దాటొద్దు, దాటితే దొరికిపోతారు. అప్పట్లో కెనడా ఎగుమతుల్లో 80 శాతం పైగా అమెరికాకే వెళ్లేవి. ‘బేరం పోతుందని తెలిసీ కాదన్నాం’ అను, హాల్లో చప్పట్లు పడతాయి. ప్రతిపక్ష నేత స్టీఫెన్ హార్పర్ మాత్రం యుద్ధం వైపే మాట్లాడాడు, అవతలివాళ్లు అది తెస్తారు. ఫిబ్రవరి 15న మాంట్రియల్ చలిలో లక్ష మందికి పైగా రోడ్డెక్కారని నువ్వు చెప్పు.

కొత్తపేట కుర్రాడు: అక్కా, రానన్నంత మాత్రాన వ్యతిరేకించినట్టా? పెళ్లికి రానన్నవాడు పెళ్లి ఆపినట్టు కాదు కదా. వాళ్ల యుద్ధనౌకలు గల్ఫ్‌లోనే ఉన్నాయి. అమెరికా, బ్రిటన్ దళాల్లో ఎక్స్‌ఛేంజ్ మీద, అంటే ఒకరి సైన్యంలో ఒకరు పనిచేసే ఏర్పాటు మీద ఉన్న కెనడా అధికారుల్ని కూడా వెనక్కి పిలవలేదు. ఇదేం వ్యతిరేకత?

కృష్ణలంక అక్క: ఆ పిల్లాడు అడిగిన ఓడలు అవే. అమెరికా రాయబారి పాల్ సెలూచీ వారం తిరగ్గానే టొరంటోలో ఇదే ఎత్తిపొడిచాడు. మా కూటమిలో పేరున్న చాలా దేశాలకన్నా మీ ఓడలే పరోక్షంగా ఎక్కువ సాయం చేస్తున్నాయన్నాడు. దాచొద్దు తమ్ముడూ, నువ్వే ముందు ఒప్పేసుకో. ఆ ఓడలు అఫ్గాన్ యుద్ధం కోసం వెళ్లినవి. ఇరాక్‌కి కాదన్నాం కదా అని ఆ పని మధ్యలో వదిలేస్తామా అని అడుగు. అదే ఏడాది ఆగస్టులో కాబూల్‌లో నాటో దళంలో పెద్ద బాధ్యత నెత్తినేసుకున్నదీ కెనడానే. ఎక్స్‌ఛేంజ్ అధికారుల సంగతి మాత్రం నిజంగానే ఇరుకు, దాని దగ్గర ఎక్కువసేపు ఆగకు.

కొత్తపేట కుర్రాడు: అంటే ఒప్పుకున్నట్టేగా.

బ్రాడీపేట మాస్టారు: ఇది మొదటిసారేం కాదు. 1965 ఏప్రిల్‌లో కెనడా ప్రధాని లెస్టర్ పియర్సన్ అమెరికా గడ్డ మీదే, ఫిలడెల్ఫియాలో నిలబడి, వియత్నాం మీద బాంబులు కొన్నాళ్లు ఆపండన్నాడు. మర్నాడు అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ఆయన కోటు కాలరు పట్టుకుని మరీ కేకలేశాడంటారు. అయినా కెనడా సైన్యాన్ని పంపలేదు. అప్పటికి ఆయన నోబెల్ శాంతి బహుమతి గ్రహీత, 1957లో, సూయజ్ కాలువ గొడవ చల్లార్చినందుకు. అసలు శాంతి సేనల కథ మొదలైందే అక్కడ, అది చెప్పాలంటే…

మిర్చియార్డ్: మాస్టారూ, పిల్లాడికి రేపు పొద్దున్నే.

డిగ్రీ సెకండియర్: ఓడల పాయింట్ దొరికింది, థాంక్స్ అక్కా. ఫోన్ ఛార్జింగ్ అయిపోతోంది.

పటమట బాబాయ్: ఇప్పుడే చూశాను. టర్కీ ఊసే ఎత్తలేదేం? అమెరికా సైన్యాన్ని తమ గడ్డ మీద నుంచి పోనివ్వాలన్న తీర్మానానికి 2003 మార్చి 1న వాళ్ల పార్లమెంటులో అనుకూలం 264, వ్యతిరేకం 250. ఎక్కువ ఓట్లు వచ్చీ వీగిపోయింది, 19 మంది ఎటూ వేయకపోవడంతో హాజరైనవాళ్లలో సగం దాటలేదు.

మిర్చియార్డ్: టర్కీ ఇరాక్ పక్కనుంది, అమెరికా పక్కన కాదు.