38 కిలోల జర్మన్ షెపర్డ్‌కి ఆగే తాడు ఏది?

బ్రూనో_వాళ్లమ్మ:
అందరికీ నమస్తే. మాది రాజమండ్రి. మా బ్రూనో జర్మన్ షెపర్డ్, రెండేళ్లు, పోయిన నెల డాక్టర్ గారి దగ్గర తూకం వేస్తే 38 కిలోలు వచ్చాడు. ఏడాదిన్నరలో మూడు తాళ్లు అయిపోయాయి. మొదటిది నమిలేశాడు, సరే. రెండోది పిడి దగ్గర కుట్టు ఊడింది. మూడోది మొన్న ఆదివారం పొద్దున, వీధి చివర చెత్తకుండీ దగ్గర పందిని చూసి ఒక్క గుంజు గుంజాడు, టప్‌మని శబ్దం వచ్చింది, చూస్తే తాడు నా చేతిలో శుభ్రంగా ఉంది, వాడు మాత్రం పంది వెనకాల మెయిన్ రోడ్డు దాకా పోయాడు. ఆటో అబ్బాయి బ్రేక్ వేశాడు కాబట్టి సరిపోయింది. విరిగిన హుక్కు ఇంటికి తెచ్చి చూశాను, పైన స్టీలులా తళతళ, లోపల విరిగిన చోట బూడిద రంగులో పంచదార పలుకుల్లా ఉంది. షాపులో 'హెవీ డ్యూటీ' అని చెప్పి ఆరు వందలు తీసుకున్నారు. మా ఆయన ఇనుప గొలుసు కొనేద్దాం అంటున్నారు. వాకింగ్‌కి అది పనికొస్తుందా? మా అమ్మ కూడా అప్పుడప్పుడు తీసుకెళ్తుంది, ఆవిడకి 60 దాటాయి, అదీ నా టెన్షన్.

క్రేన్_బాబాయ్:
అమ్మా, నేను విశాఖలో రిగ్గింగ్ పని చేస్తాను, అంటే క్రేన్‌కి బరువులు కట్టి ఎత్తించే పని. రోజంతా బరువులు కట్టే స్లింగులు, వాటిని తగిలించే షాకిళ్లతోనే గొడవ. పంచదార పలుకులు అన్నారు చూడండి, అది జింకు పోత. మూసలో పోసి పైన పాలిష్ కొడతారు. బరువు మెల్లగా పడితే మోస్తుంది, జర్కు పడితే వంగకుండా ఒకేసారి పుటుక్కుమంటుంది. హుక్కు మెడ దగ్గర గుండ్రంగా తిరిగే భాగం ఉంటుందే, చాలావరకు అక్కడే పోతుంది.
కుక్క 38 కిలోలు కాబట్టి 50 కిలోలు ఆపే తాడు చాలు అనుకోవద్దు. వదులుగా ఉన్న తాడు చివరిదాకా పరుగెత్తి ఆగినప్పుడు పడే దెబ్బ దాని బరువుకి ఎన్నో రెట్లు ఉంటుంది. అందుకే రోడ్డు మీద నాలుగడుగుల తాడే మంచిది, పరుగందుకోవడానికి చోటు ఉండదు. అంగుళం వెడల్పు మంచి నైలాన్ పట్టీ వెయ్యి కిలోలకి కూడా తెగదు, పట్టీ గురించి మీకు బెంగ అక్కర్లేదు. తెగేది కుట్టు, విరిగేది హుక్కు.
హుక్కు ఇత్తడిది గానీ స్టెయిన్‌లెస్ స్టీలుది గానీ తీసుకోండి. అయస్కాంతం పెట్టి చూస్తే చాలంటారు కొందరు, జింకుకీ అంటదు, ఇత్తడికీ అంటదు, దాంతో ఏం తేలుతుంది? కనపడని చోట బ్లేడుతో గీకండి. కిందా పసుపే ఉంటే ఇత్తడి, పసుపు పూత కింద తెల్లగా కనిపిస్తే పక్కన పెట్టేయండి. ఇంకా గట్టిది కావాలంటే కొండలెక్కేవాళ్లు వాడే స్క్రూ ఉన్న కారబినర్ అనే కొక్కెం ఉంది. దాని వెన్ను మీద కిలోన్యూటన్లలో అంకె చెక్కి ఉంటుంది, ఒక కిలోన్యూటన్ అంటే సుమారు వంద కిలోలు, అసలైన వాటి మీద 20 పైనే ఉంటుంది. తాళాల గుత్తికి వేసుకునే రంగురంగులవి కొనకండి.

కరీంనగర్_డేన్:
మా దగ్గర గ్రేట్ డేన్ ఉంది, 60 కిలోలు. షాపు తాళ్లు కొనడం మానేసి మూడేళ్లయింది. బ్యాగులు రిపేర్ చేసే షాపులో నైలాన్ నవారు మీటర్ల లెక్కన దొరుకుతుంది, టార్పాలిన్లు కుట్టే మిషన్ ఉన్న వాడి దగ్గర కుట్టించుకుంటా. చివర మడిచిన చోట చదరంగా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తులా అడ్డకుట్టు వేయమని చెప్పాలి, లేకపోతే వాడు ఒక్క గీత లాగి ఇచ్చేస్తాడు. పిడి లోపల పాత జీన్స్ గుడ్డ పెట్టించండి, చెయ్యి కోసుకుపోదు. తడిస్తే నీడలోనే ఆరేయాలి, ఎండకి నైలాన్ బలం పోతుంది.
తోలుది కూడా వాడాను, చేతికి అంత హాయిగా ఇంకేదీ ఉండదు. కానీ వానాకాలంలో బూజు పట్టింది, కొబ్బరి నూనె రాస్తే ఆ వాసనకి మా వాడు దాన్నే నమిలేశాడు.
గొలుసు మాత్రం వద్దక్కా. ఇసుమంత కూడా సాగదు, గుంజినప్పుడు అరచేతిలోంచి జారితే తోలు లేచిపోద్ది, మేలో ఎండకి కాలుద్ది. గేటు దగ్గర కట్టేయడానికైతే ఓకే. నమిలే అలవాటు పోకపోతే కుక్క వైపు ఒక అడుగు గొలుసు, మిగతా నవారు పెట్టించండి.

నడక_మాస్టారు:
తాడు బాగా చెప్పారు. కానీ తాడు తెగకపోతే రేపు మీ అమ్మగారు పడిపోతారు, అది ఎవరూ అనలేదు. ఆవిడ పిడిని మణికట్టుకి చుట్టుకుంటున్నారేమో ముందు అది మాన్పించండి. చుట్టుకుంటే వదలాల్సిన క్షణంలో వదల్లేరు. ఆ బటన్ నొక్కితే సాగే సన్న తాడు డబ్బాలైతే పెద్ద కుక్కకి అసలే వద్దు, వేళ్లకి చుట్టుకుంటే కోసేస్తాయి.
హార్నెస్ తీసుకోండి, అంటే మెడకి కాకుండా ఒంటికి తొడిగే పట్టీలు, ఛాతీ ముందు రింగు ఉన్నది. వీపు మీద రింగుకి కడితే కాడి కట్టిన ఎద్దులా ఒళ్లంతా పెట్టి లాగుతాడు. ముందు రింగుకి కడితే గుంజిన ప్రతిసారీ వాడే పక్కకి తిరిగిపోతాడు. మెడ బెల్టుకీ హార్నెస్‌కీ కలిపి ఒక చిన్న పట్టీ వేయండి, ఒకటి ఊడినా ఇంకోటి ఉంటుంది. షెపర్డ్‌లకి మెడ నిండా బొచ్చు కాబట్టి బెల్టు బిగుతుగా ఉన్నట్టే కనిపించి తలలోంచి జారిపోతుంది, రెండు వేళ్లు దూరేంత మాత్రమే సందు ఉండాలి.

బ్రూనో_వాళ్లమ్మ:
అందరికీ థాంక్స్. బాబాయ్ గారూ, పాత తాళ్ల హుక్కులు రెండూ గీకి చూశాను, రెండూ లోపల తెల్లగానే ఉన్నాయి! నిన్న బ్యాగుల షాపుకి వెళ్లి నవారు, అడ్డకుట్టు అని చెబితే అతను "ఇది ఎద్దుకా అమ్మా?" అన్నాడు. నాలుగున్నర అడుగులు తీసుకుంటే మడతలు పోను నాలుగు కన్నా కాస్త తక్కువే వచ్చింది, కుట్టుతో కలిపి షాపు తాడులో సగం ధర కూడా కాలేదు. హుక్కు ఇత్తడిది హార్డ్‌వేర్ షాపులో దొరికింది. అమ్మకి మాత్రం హార్నెస్ వచ్చేదాకా వాకింగ్ డ్యూటీ లేదని చెప్పేశాం, అలిగింది. మాస్టారూ, ఆ హార్నెస్‌కి ఛాతీ కొలత ముందు కాళ్ల వెనక నుంచేనా తీసుకోవాలి? టేపు పెట్టబోతే ఆట అనుకుని దాన్ని పట్టుకుని మంచం కిందకి పోయాడు.