డెల్టాలో ఏడాదికో ఇల్లు: తరిమేది అద్దెనా, చెమ్మనా?

చర్చ మొదలుపెట్టినవారు: భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు అద్దెకుండేవాళ్లు మే వస్తే చాలు సామాన్లు సర్దుతారు. 11 నెలల అగ్రిమెంటే దీనికి కారణమని నా వాదన. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అసలు పాఠంలో ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలని ఉంది. 1999 సవరణతో ఆంధ్రలో ఏ లీజుకైనా అది తప్పనిసరే అయినా, జనం పాత లెక్కే పట్టుకున్నారు. ఆ ఖర్చు ఎందుకని 11 నెలలకే రాసుకుంటారు. గడువు తీరగానే ఓనరు అద్దె పెంచుతాడు.

లెక్కలాయన: ఇది నిలబడదండి. నెలకు 8,000 అద్దె మీద పది శాతం పెంచినా ఏడాదికి అదనంగా పడేది 9,600. ఖాళీ చేస్తే సున్నాలకని అడ్వాన్సులో ఒక నెల అద్దె పట్టుకుంటారు. బండి, కూలీలు, ఏసీ విప్పి బిగించడం అదనం. మారడమే ఖరీదు.

తాపీమేస్త్రి: ఇద్దరూ గోడను వదిలేశారు. ఏప్రిల్లో కాలువలు కట్టేస్తే నేలలో నీరు దిగి గోడ ఆరుతుంది. పైన కొత్త రంగు కొడతారు. బళ్లు తెరవకముందే, ఆషాఢం రాకముందే మారాలని జనం సరిగ్గా అప్పుడే ఇళ్లు చూస్తారు. జూన్‌లో కాలువలొదిలి, వానలూ పడ్డాక, వినాయక చవితికల్లా మూడడుగుల మేర ఉప్పు పూసి పెచ్చులూడుతుంది. బీరువాలో బట్టలకు బూజు. మళ్లీ మే దాకా ఓర్చుకుని ఖాళీ చేస్తారు.

సిమెంటు రోడ్డు మీద మళ్లీ రోడ్డు వేసినప్పుడల్లా వీధి ఎత్తవుతుంది, వాకిట్లో మట్టి పోస్తారు. ఆ మట్టి పునాది మీది డీపీసీని దాటితే, చెమ్మ ఆపాల్సిన ఆ పొర ఉన్నా లేనట్టే.

ఒక ఓనరు: పుట్టీ పెట్టి ఎనామిల్ వేయిస్తే పోదా?

తాపీమేస్త్రి: ఇంకా పైకెక్కుతుంది. ఆవిరయ్యే దారి మూసేశారు కదా! ముందు వాకిలి మట్టిని డీపీసీ కిందికి దించండి. చెమ్మ గీతకు అడుగు పైదాకా పూత చెక్కించి, ఇటుకల సందులు అరంగుళం గీకించి ఆరనివ్వండి. తర్వాత బస్తా సిమెంటుకు 200 మి.లీ. వాటర్‌ప్రూఫింగ్ ద్రవం కలిపి పూయించాలి. ఉప్పు బోరునీళ్లతో మాలు కలిపితే అంతా దండగే. అసలు చిక్కేంటంటే, గోడ ఆరేదీ మేలోనే, కొత్తవాళ్లు దిగేదీ మేలోనే. ఒక నెల అద్దె వదులుకునే ఓనర్లు తక్కువ.

లెక్కలాయన: మరి మేడ మీదవాళ్లు ఎందుకు మారతారు?

తాపీమేస్త్రి: వాళ్లది పిల్లల కాలేజీల గొడవ, దానికి నా దగ్గర మందు లేదు. కింది వాటా చూసేవాళ్లు మాత్రం రంగు చూసి అడ్వాన్సు ఇవ్వకండి. గడప వీధికంటే ఎంత ఎత్తుందో చూడండి. గోడ అడుగున ఉన్న ప్లగ్గు మరలు తుప్పు పట్టాయా, ఎదురింటి ప్రహరీకి ఉప్పు గీత ఎంత ఎత్తున ఉందో కూడా. ఆ ప్రహరీకి ఎవరూ రంగు వేయించరు.